పసిబిడ్డతో సైకిలు ప్రయాణం: ఆసనమా, ట్రైలరా?

రంజాన్ పండుగనాటి ఉదయం ఈద్గా దారిలో నిలబడి చూచినవారికి ఒక దృశ్యం పరిచితమే. తండ్రి సైకిలు తొక్కుతుంటాడు. ముందు కడ్డీ మీద ఒక బిడ్డ, వెనుక క్యారియరు మీద ఒక బిడ్డ. ఇద్దరికీ కొత్త బట్టలు, నెత్తిన జరీ టోపీలు, ఒంటికి అత్తరు వాసన. మోటారు సైకిళ్లు ఎంత పెరిగినా ఈ విధంగా వచ్చేవారు మన తిరుపతిలోనూ, చిత్తూరులోనూ ఇంకా ఉన్నారు. చూడడానికి కన్నుల పండువగా ఉంటుందనుటలో సందేహం లేదు. కాని కొంతకాలంగా మా చూపు మాత్రం చక్రానికి అటూ ఇటూ వ్రేలాడే ఆ చిన్న పాదాల మీదనే నిలుస్తున్నది. అందుకు కారణం కలదు.

మూడేండ్ల క్రిందట మా చిన్నవాడిని క్యారియరు మీద మడిచిన దుప్పటి వేసి కూర్చుండబెట్టి బజారుకు బయలుదేరినాము. అప్పటికి వాడి వయస్సు మూడున్నర ఏండ్లు. మలుపులో వాడు కాలు లోపలికి ముడుచుకొన్నాడు. చక్రం ఆగిపోయింది, సైకిలు ఒరిగింది, ఆ తరువాత కేక వినిపించింది. పాదాన్ని లాగబోయిన మమ్ములను దారిన పోయే పెద్దమనిషి ఒకరు వారించి, చక్రాన్ని కదలనీయక పట్టుకొని, పక్క దుకాణం నుండి కటింగ్ ప్లేయరు తెప్పించి రెండు చువ్వలను కత్తిరించినారు. ఆయన చేసినదే సరియైన పని అని తరువాత తెలిసింది. గాయం రూపాయి బిళ్లంత కూడా లేదు. మేము ఊరట చెందినాము. వైద్యుడు మాత్రం ఊరట చెందలేదు. తిరిగే చువ్వ చర్మాన్ని కోయడమే గాక లోపలి కండను నలిపివేస్తుందనీ, పైకి బాగున్న చర్మం కొన్ని రోజులకు నల్లబడవచ్చుననీ, ఎముక సంగతి ఎక్స్‌రే తీస్తేగాని తెలియదనీ ఆయన చెప్పినారు. ఎముక విరగలేదు గాని చర్మం విషయంలో ఆయన మాటే నిజమైంది. వాడు మడమ ఆనించి నడవడానికి ఆరు వారాలు పట్టింది. అటువంటి గాయాన్ని శుభ్రమైన నీటితో కడిగి, గుడ్డ కట్టి ఆసుపత్రికి తీసుకొనిపోవలెను గాని పసుపో, కాఫీపొడో అద్దరాదు. ధనుర్వాతపు సూది సంగతి వైద్యుని అడగవలెను.

ఆ ఆరు వారాలలో మేము ఈ విషయాన్ని గురించి విచారింపసాగినాము. జర్మనీ దేశపు రోడ్డు నియమాలలో ఒక సంగతి మమ్ములను ఆకర్షించింది. అక్కడ ఏడేండ్లలోపు బిడ్డను సైకిలు మీద ఎక్కించుకోవలెనంటే ప్రత్యేకమైన ఆసనం ఉండవలెను. బిడ్డ పాదం చువ్వలలో పడకుండ చక్రానికి కప్పు గాని, దానివంటి మరొక ఏర్పాటు గాని ఉండవలెను. తొక్కేవారికి కనీసం 16 ఏండ్లు నిండి ఉండవలెను. మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి మోటారు సైకిలు వెనుక చక్రంలో సగానికి తక్కువ కాకుండ కప్పు ఉండవలెనన్నది. అది వెనుక కూర్చున్నవారి బట్టలు చక్రంలో చిక్కకుండుటకై. 2022 ఫిబ్రవరిలో ప్రకటించి మరుసటి సంవత్సరం నుండి అమలుకు తెచ్చిన సవరణ ప్రకారం మోటారు సైకిలుపై నాలుగేండ్లలోపు బిడ్డను తీసుకొనిపోయేటప్పుడు నడిపేవారికి బిడ్డను కలిపి పట్టే పట్టీ ఉండవలెను. తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు తలకు సరిపోయే హెల్మెట్ పెట్టవలెను. వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. ఇవన్నీ మోటారు బండ్లకు. తొక్కుడు సైకిలుకు వర్తించవు. అక్కడ తల్లిదండ్రుల వివేకమే నియమం.

బిడ్డను తీసుకొనిపోయే మార్గాలు మూడు: ముందు ఆసనం, వెనుక ఆసనం, ట్రైలరు.

కడ్డీకి బిగించే చిన్న సీటు మనకు పాతదే. బిడ్డ చేతుల నడుమ, కంటి ముందు ఉంటుంది, మాట్లాడుతూ పోవచ్చును. ఈ సుఖాన్ని మేము కాదనము. కాని ఆ చిన్న సీటుకు వీపు లేదు, పట్టీ లేదు, పాదం పెట్టుకొనే చోటు లేదు. కాలు ముందు చక్రానికి దగ్గరగా ఉంటుంది, చేయి బ్రేకు మీదికి పోతుంది, నిద్ర వస్తే తల వాలిపోతుంది. ఐరోపా ప్రమాణాలకు లోబడి చేసిన ముందు ఆసనాలలో వీపూ, పట్టీలూ, పాదపు తొట్లూ ఉంటాయి గాని అవి 15 కిలోల వరకే. మూడేండ్ల బిడ్డ సుమారు 14 కిలోలు తూగును గనుక అది త్వరలోనే పనికిరాకుండ పోతుంది. హ్యాండిలు తిప్పడం కూడ కొంత కష్టమే.

వెనుక ఆసనం 22 కిలోల వరకు మోయగలదు. మంచి ఆసనాన్ని గుర్తించడానికి ధర అడుగవలసిన పని లేదు, మొదట అడుగుభాగం చూడవలెను. పాదాలు దిగబడే లోతైన తొట్లు, వాటికి పట్టీలు, చక్రం వైపు గోడవలె నిలిచే అడ్డు ఉన్నవా? తరువాతనే భుజాల మీదుగా వచ్చే పట్టీలు, తల వరకు వచ్చే వీపు. బిడ్డ బరువు వెనుక ఇరుసుకు మరీ వెనుకగా పడరాదు. 10 సెంటీమీటర్లు దాటితే ముందు చక్రం తేలిపోతుంది. మన పెద్ద సైకిళ్లలో మరొక ప్రమాదం కలదు. తొక్కేవారి సీటు క్రింది స్ప్రింగులు. మనం కూర్చొని లేచినప్పుడల్లా అవి కత్తెర వలె మూసుకొంటాయి, సరిగ్గా వెనుక బిడ్డ వ్రేళ్లకు అందే ఎత్తులో. వాటిని తోలుతోనో, మందపు గుడ్డతోనో కప్పి కుట్టించవలెను. సన్నని కమ్మీల క్యారియరుకు ఈ బరువును అప్పగించరాదు. ఇంకొక మాట. తల్లులు తొక్కే సైకిళ్లకు చీర, దుపట్టా, బుర్ఖా అంచు చిక్కకుండ వెనుక చక్రానికి వల వేయించడం మనవారికి తెలిసినదే. బట్టకు ఇచ్చిన ఆ రక్షణ పాదానికి ఇవ్వాలని మాకే తోచలేదు. వల రెండు వైపులా ఉండవలెను.

ట్రైలరు మనకు కొత్త వస్తువు. మన సైకిలు దుకాణాలలో అడగగానే దొరకదు. రెండు చక్రాల చిన్న బండిని ట్రాక్టరుకు ట్రక్కు తగిలించినట్లు వెనుక ఇరుసు దగ్గర తగిలిస్తారు. తగిలింపు మెలి తిరిగేది గనుక సైకిలు పడినా బండి పడదు. బిడ్డ నేలకు దగ్గరగా, పట్టీలతో, పైకప్పు క్రింద ఉంటుంది. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం ఆసనం కంటె దీనినే మేలన్నది. ఏడాది నిండని బిడ్డను దేనిలోనూ ఎక్కించవద్దన్నది. వాహనాలు తక్కువగా ఉండే దారులను తలచి చెప్పిన మాటగా దానిని మేము గౌరవిస్తాము. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని చెట్ల నీడ దారులలో ఉదయం వేళ ట్రైలరు ఎంతో బాగుంటుంది. అదే ట్రైలరును అలిపిరి వైపు యాత్రికుల బస్సులూ, జీపులూ, ఆటోలూ పోయే రోడ్డు మీద ఊహించి చూడండి. బిడ్డ ముఖం బస్సు పొగగొట్టం ఎత్తులో ఉంటుంది. బస్సు నడిపేవాని కంటికి ఆ బండి ఆనదు. అందుకే దానికి పొడవైన జెండా కడతారు. మన ఎండలలో రెక్సిను కప్పు క్రింద గాలి ఆడదు. చిత్తూరు వంటి ఎత్తుపల్లాల ఊరిలో దిగుడు రోడ్డున అది సైకిలును వెనుక నుండి నెట్టుతుంది. కనుక మన వీధులకు వెనుక ఆసనమే తగినదని మా అభిప్రాయం. ఒకరిద్దరు మిత్రులు ఇందుకు సమ్మతింపలేదు. పల్లె దారులలో తిరిగేవారు వారు. వారి మాటా నిజమే కావచ్చును.

ఏది కొన్నా హెల్మెట్ వేరుగా కొనవలెను, బిడ్డ తల కొలిచి కొనవలెను. సైకిలు దిగి ఆటకు పోయేటప్పుడు దానిని తీసివేయవలెను. దాని పట్టీ ఆటవస్తువులకు తగులుకొంటే గొంతు బిగుస్తుంది. స్టాండు మీద నిలిపిన సైకిలుపై బిడ్డను ఉంచి పాల ప్యాకెట్టు కోసం రెండడుగులు కూడ వేయరాదు. కదలని సైకిలు నుండి పడే పిల్లలు తక్కువేమీ కాదు. బిడ్డ చివర ఎక్కవలెను, ముందుగా దిగవలెను.

కాలు మానిన తరువాత మేము వెనుక ఆసనం తెప్పించి, మా వీధిలోని సైకిలు మేస్త్రీ చేత బిగింపించినాము. ఆయన క్యారియరు మార్చి, రెండు వైపులా వల కట్టి, స్ప్రింగులకు పాత ట్యూబు చుట్టినారు. బిడ్డను వెంటనే ఎక్కించవద్దని కూడ ఆయనే అన్నారు. అందుచేత మూడు రోజులు 15 కిలోల బియ్యపు మూటను ఆసనంలో పట్టీలతో బిగించి, వీధి చివరి వరకు తొక్కి, ఆగి, మలుపు తిరిగి అలవాటు చేసుకొన్నాము. మా చిన్నవాడు కొత్త హెల్మెట్ పెట్టుకొని గడపలో కూర్చుండి చూస్తున్నాడు. మూడవ రోజున ఇక ఆగలేక, “అబ్బా, బియ్యానికి టోపీ ఏదీ?” అని అడిగినాడు.