కొడైకెనాల్ కొలనుచెంత

కొండయూళ్లకు పోయివచ్చినవారు తాము చూచిన స్థలములు లెక్కచెప్పుటకు ముచ్చటపడుదురు. పండ్రెండు చూచితిమని యొకరు, పదునెనిమిది చూచితిమని యొకరు. మేమును అట్టి పట్టిక యొకటి చేతబట్టుకొనియే గత వేసవి సెలవులలో కొడైకెనాలునకు పోయితిమి. వ్రాసినవారు మా వారు. బడిపంతుళ్లకు గంటలవారి పట్టిక లేనిదే ఊపిరియాడదు గదా! అందులో సగమైనను చూడకయే తిరిగివచ్చితిమి. అందుకు కారణము మా అత్తగారు.

ఆమెకు పళని సుబ్రహ్మణ్యస్వామి మ్రొక్కుబడి యుండెను. 74 ఏండ్ల వయస్సున మెట్లెక్కజాలరని రోప్‌వే మీద కొండయెక్కించి దర్శనము చేయించితిమి. అచ్చటి ప్రసాదమైన పంచామృతమునకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. దానిని డబ్బాతో మూటగట్టుకొని, అచ్చటినుండి సుమారు 65 కిలోమీటర్ల కొండదారిని బస్సులో పైకి పోయితిమి. మలుపు మలుపునకు చలి హెచ్చుచుండెను. పిల్లలకు వాంతులు తప్పలేదు. నిమ్మకాయలు చేతనుంచుకొనుట మంచిది.

ఊరు సముద్రమట్టమునకు ఇంచుమించు 2,100 మీటర్ల ఎత్తున నున్నది. మేము చిన్న యిల్లు బాడుగకు తీసికొని వంట చేసికొంటిమి. మొదటినాడు కందిపప్పు ఎంతసేపు ఉడికించినను మెదగలేదు. మేము మొదట పప్పును, పిదప నీటిని, ఆపైన అంగడివానిని నిందించితిమి. ఎత్తుకు పోయినకొలది గాలి ఒత్తిడి తగ్గుననియు, అందుచే నీరు 100 డిగ్రీలు కాక సుమారు 93 డిగ్రీలకే తెరలుననియు మా వారు చెప్పిన తరువాతగాని అంగడివాడు నిర్దోషి యని తెలియలేదు. పోదలచినవారు కుక్కరు మఱవకుడు. అచ్చటి కొండవెల్లుల్లి మాత్రము కొని తెచ్చుకొనదగినది. దాని ఘాటు మన ఊరి వెల్లుల్లికి లేదు.

ఊరికి నడుమ కొలను. మధురలో జ్వరములతో బాధపడిన అమెరికా మిషనరీలు 1845లో ఈ కొండపై ఇండ్లు కట్టుకొనుటతో ఊరు మొదలైనది. 1863లో మధుర కలెక్టరు వెర్ హెన్రీ లెవింజ్ వాగులకు అడ్డుకట్ట వేయించి ఈ జలాశయమును కల్పించెను. విస్తీర్ణము సుమారు 60 ఎకరములు. ఆకారము నక్షత్రమువలె నుండును. చుట్టును తిరిగిన 5 కిలోమీటర్లు. అత్తగారు గట్టున నిలువబడి చాలసేపు చూచి, “అబ్బాయీ, దీని తూము ఎక్కడున్నదిరా? దీనిక్రింద ఎన్ని ఎకరములు పండును?” అని అడిగిరి. చెరువుక్రింద సేద్యము చేసిన యింటి ఆడపడుచు ఆమె. పడవలు నడుపుకొనుటకును, కన్నులపండువునకును కట్టించినదని చెప్పగా ఆమె నమ్మలేకపోయిరి. “చూచుటకే చెరువా!” అనిరి. ఊరు చేరకముందు 8 కిలోమీటర్ల దూరమున మేము దిగి చూచిన వెండిధార యను జలపాతము ఈ కొలను పొర్లి పారిన నీరేయని చెప్పినప్పుడు ఆమె మనస్సు కొంత కుదుటబడెను. గట్టుమీద తిని పాఱవేసిన కాగితములను, సీసాలను చూచినప్పుడు మాత్రము మా అందఱి మనస్సులును చివుక్కుమనినవి.

కొలనునకు తూర్పున బ్రయంట్ ఉద్యానము కలదు. 20 ఎకరములకు మించిన ఈ తోటను 1908లో బ్రయంట్ అను అటవీశాఖాధికారి వేయించెను. ఏటేట వేసవిలో పుష్పప్రదర్శనము జరుగును. గులాబీల వరుసలను వర్ణింప మాకు చేతగాదు, చూచి రావలసినదే. అత్తగారు బల్లపై కూర్చుండి, కొంగుమూటనుండి ప్రత్తి తీసి వత్తులు చేయనారంభించిరి. ఎదుట పూలమళ్లలో కూలిస్త్రీలు కలుపు తీయుచుండిరి. మేము పిల్లలతో ఒకచుట్టు తిరిగి వచ్చునప్పటికి ప్రత్తి ఒడిలోనే యున్నది, చేతులు కదలుటలేదు. మేము కోడలిగా వచ్చిన పదునాఱేండ్లలో ఆమె చేతులు ఊరకయుండగా చూచుట అదియే మొదలు. ఒంట్లో బాగులేదేమోనని భయపడి అడిగితిమి. “ఏమియు లేదే అమ్మాయీ, పోదమా?” అని లేవబోయిరి. మేము కూర్చుండబెట్టితిమి. ఆ పూటకు పట్టికలోనివి మూడు స్థలములు కొట్టివేయబడినవి.

మఱునాడు తెల్లవారకమునుపే కోకర్ వాక్ అను కాలిబాటకు పోయితిమి. 1872లో కొండ అంచున వేసిన ఈ బాట కిలోమీటరు పొడవుండును. ప్రొద్దెక్కినచో మంచు క్రమ్మి ఏమియు కానరాదు, వేకువనే పోవలెను. సౌరపరిశోధనాలయము 1899లో స్థాపింపబడినది. సూర్యబింబముపై నల్లమచ్చల అంచులయందు వాయువులు వెలుపలికి ప్రవహించునని 1909లో ఎవర్‌షెడ్ కనిపెట్టినది ఇచ్చటనే. ఆయన భార్య మేరీయు ఖగోళశాస్త్రమెఱిగిన విదుషి. ఈ కొండపై నుండగనే, ఇటలీ కవి డాంటే కావ్యములలోని జ్యోతిర్విషయములను గుఱించి గ్రంథము ప్రకటించెను. కావ్యమును, ఆకాశమును ఒక్కచూపున చదివిన ఆమెయందు మాకు గొప్ప గౌరవము కలిగెను.

కడపటిదినము కురింజి ఆండవర్ ఆలయమునకు పోయితిమి. హిందూమతమును స్వీకరించి లీలావతి యను పేరు దాల్చిన ఒక వనిత 1936లో దీనిని కట్టించెను. ప్రాచీన తమిళకవులు కొండనేలకు కురింజి యను పేరుపెట్టి, దానికి దైవము మురుగనని చెప్పిరి. ఆ పేరుగల నీలిపూలపొద పండ్రెండేండ్ల కొక్కమాఱు కొండలను కప్పివేయునట్లు పూచి, విత్తు రాల్చి ఎండిపోవును. మేము పోయినప్పుడు పచ్చని పొదలే తప్ప పూవు లేదు. 2018లో పూచినది, మరల 2030లో పూచునని మా వారు చెప్పిరి. అత్తగారు వ్రేళ్ల కణుపులపై ఏదో లెక్కించుకొనిరి. లెక్క పైకి చెప్పలేదు. “అప్పటికి మన చిట్టి నీ భుజములదాకా ఎదుగును. దానికి చూపించండి” అని మాత్రము మాతో అనిరి.

బ్రయంట్ తోటలో చేసిన నాలుగు వత్తులను పూజారి చేతికిచ్చి, ఆవరణ చివరకు నడచిరి. ఆనాడు మబ్బు విడియుండుటచే దూరమున, చాల క్రింద, పళని కొండ కానవచ్చెను. రెండు దినముల క్రిందట తాము నిలువబడిన శిఖరమును ఇప్పుడు పైనుండి చూచుచు ఆమె అచ్చటి అరుగుపై కూర్చుండిరి. వెలుపల బాడుగబండివాడు బూర మ్రోగించుచుండెను. పట్టికలో స్తంభశిలలు ఇంకను మిగిలియున్నవి. మా వారు ఆ కాగితమును మడచి జేబులో పెట్టుకొని, పోయి తల్లిప్రక్కన కూర్చుండిరి.