డీలర్ల విందుకు కార్డుల లెక్క చాలదు

సిద్దిపేట: వానాకాలం సాగుకు ముందు విత్తనాలు, ఎరువులు, పురుగు మందుల కంపెనీలు, వాటి పంపిణీదారులు డీలర్ల సమావేశాలు జరపడం పరిపాటి. హాలు, విందు, బహుమతులు కలిసి ఖర్చు తక్కువేమీ కాదు. అయినా అంచనా మాత్రం చాలాచోట్ల ‘నిరుడు అయినదానిమీద పది శాతం’ అన్నట్లే సాగుతుంది. తేమ చూడనిదే మక్కలకు ధర కట్టని వర్తకుడు విందు దగ్గరకు వచ్చేసరికి చేతికి ఎముక లేనట్లు వ్యవహరిస్తాడు.

చూడవలసింది పంచిన కార్డులు కాదు, వచ్చిన మనుషులు. ఉదాహరణకు, ఒక పంపిణీదారు ఏటా 200 మందిని పిలుస్తాడనుకుందాం. సంతకాల పుస్తకం ప్రకారం మూడేళ్ళలో వచ్చినవారు 128, 141, 134. ప్లేటు రూ. 300 చొప్పున 200 ప్లేట్లకు మాట ఇస్తే రూ. 60,000. అత్యధిక హాజరును పట్టుకుని 145 ప్లేట్లు చెబితే రూ. 43,500. మిగులు రూ. 16,500. అయితే డ్రైవర్లు, గుమాస్తాలు సంతకం చేయరు, భోజనం చేస్తారు. పాత కేటరింగు బిల్లులోని ప్లేట్లతో సంతకాలను సరిపోల్చితే ఆ సంఖ్య తెలుస్తుంది.

హాజరును ఊరివారీగా విడదీయడం అవసరం. 2016 అక్టోబరు 11న జిల్లా ఏర్పడినప్పుడు హుస్నాబాద్ కరీంనగర్ నుంచి, చేర్యాల వరంగల్ నుంచి వచ్చి చేరాయి. జిల్లా మారినంత మాత్రాన పాత ఖాతాలు మారవు. ఆ వైపు డీలర్లు ఎందరు వస్తున్నారో తేలితే, అక్కడ వేరుగా చిన్న సమావేశం పెట్టడం లాభమా కాదా అన్నది తెలుస్తుంది.

తేదీ కూడా లెక్కలోనిదే. సంక్రాంతి నుంచి ఉగాది వరకు ఆదివారాలు కొమురవెల్లి మల్లన్న జాతర. పెళ్ళి ముహూర్తాలకు హాలు అద్దె పెరుగుతుంది. మృగశిర వచ్చాక డీలరు కొట్టు వదలడు.

పన్ను సంగతి మరవరాదు. విందుపైన, ఉచితంగా ఇచ్చే బహుమతులపైన కట్టిన జి.ఎస్.టి.కి సామాన్యంగా ఇన్‌పుట్ క్రెడిట్ దక్కదు. దాన్ని ఖర్చుగానే రాసుకోవాలి. ఒక్కొక్కరికి ఏడాదిలో ఇచ్చే ప్రయోజనాలు రూ. 20,000 దాటితే 10 శాతం టి.డి.ఎస్. అనే నిబంధన 2022 జూలై 1న అమలులోకి వచ్చింది. సరుకు వివరాలు చెప్పేందుకు జరిపే డీలర్ల సమావేశం దీని కిందికి రాదని, విహారయాత్ర, వెంట వచ్చిన కుటుంబ సభ్యుల ఖర్చు మాత్రం వస్తాయని ప్రత్యక్ష పన్నుల బోర్డు ఆ ఏడాదే వివరణ ఇచ్చింది. బంగారు నాణెం, విదేశీ యాత్ర ఆశ చూపే ముందు ఆ పది శాతం ఎవరు భరిస్తారో తేల్చుకోవడం మేలు.

ఇక ఫలితం. ఆ రోజు రాసుకున్న ఆర్డర్లన్నీ విందు పుణ్యమేనని సంబరపడరాదు. చాలావరకు ఎలాగూ వచ్చేవే. డీలరు పేరుకు ఎదురుగా నిరుటి కొనుగోలు, ఈ ఏటి కొనుగోలు, బాకీ రాయాలి. సమావేశానికి రానివారి కొనుగోలు కూడా అంతే పెరిగి ఉంటే, ఆ డబ్బు విందుకన్నా రొక్కం డిస్కౌంటుకు వాడటం నయం.