వయోజనుల్లో అవధానలోపం: స్వరూపం, నిర్వహణ

వ్యాససంగ్రహం:
ఎ.డి.హెచ్.డి. బాల్యానికే పరిమితమైన సమస్య కాదు. వయోజనుల్లో దాని స్వరూపాన్ని వివరించి, పరిశోధనరంగంలో ఉన్నవారు దానితో చక్కగా జీవించడానికి తోడ్పడే మార్గాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: అవధానం, ధారణ, ఎ.డి.హెచ్.డి., కార్యనిర్వహణ, పర్యవేక్షణ.

1. ఉపోద్ఘాతం

విషయపరిజ్ఞానం ఉండి, చర్చల్లో చురుకుగా పాల్గొంటున్నా సిద్ధాంతగ్రంథం పూర్తిచేయలేని పరిశోధకులు కొందరుంటారు. నోట్సు కుప్పలుగా ఉంటుంది. అధ్యాయం మాత్రం రూపుదిద్దుకోదు. దీనికి కారణాలు అనేకం. వాటిలో సులభంగా గుర్తింపునకు రానిది అటెన్షన్ డెఫిసిట్ హైపర్‌యాక్టివిటీ డిజార్డర్, అంటే ఎ.డి.హెచ్.డి. యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి. గరిష్ఠ కాలపరిమితి 6 సంవత్సరాలు. పునర్నమోదుతో మరో 2 సంవత్సరాలు లభించవచ్చు. కారణం తెలుసుకోకుండా సోమరితనమనే ముద్ర వేస్తే, ఆ గడువు ముగిసేసరికి ఒక పరిశోధనే కాదు, ఒకరి జీవనోపాధి కూడా దెబ్బతినవచ్చు.

2. చారిత్రక నేపథ్యం

అవధానం నిలవకపోవడాన్ని స్కాట్లాండు వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ 1798లోనే వర్ణించాడు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ చేసిన ఉపన్యాసాలు పిల్లలకు సంబంధించినవి. 1968లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన నిర్ధారణ గ్రంథంలో దీనిని బాల్యరుగ్మతగానే పేర్కొంది. ఎ.డి.హెచ్.డి. అనే పేరు 1987లో వచ్చింది. 2013 నాటి ఐదవ కూర్పు ప్రకారం 17 సంవత్సరాలు నిండినవారిలో అవధానలోపం, అతిచంచలత అనే రెండు వర్గాల్లో ఏదో ఒకదానిలో కనీసం 5 లక్షణాలు ఉండాలి. కొన్ని లక్షణాలు 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. ఇల్లు, ఉద్యోగం వంటి రెండు చోట్లనైనా బయటపడాలి. నిద్రలేమి, థైరాయిడ్ సమస్యలు, కుంగుబాటు కూడా ఇటువంటి లక్షణాలనే చూపగలవు. కాబట్టి నిర్ధారణ నిపుణులే చేయాలి.

3. లోపం ఎక్కడ?

అష్టావధానం ఇక్కడ ఉపయోగపడే పోలిక. అవధాని పద్యపాదాలను ధారణలో నిలుపుకుంటూనే అప్రస్తుత ప్రసంగానికి బదులిచ్చి, తిరిగి పద్యంలోకి వస్తాడు. ధారణ, నిగ్రహం, విడిచిన పనిలోకి మళ్లీ రాగలగడం వంటివాటిని మనోవిజ్ఞానం కార్యనిర్వహణ శక్తులుగా పరిగణిస్తుంది. ఎ.డి.హెచ్.డి. ఉన్న పలువురిలో బలహీనంగా ఉండేవి ఇవే. ఇష్టమైన అంశంలో గంటల తరబడి లీనమయ్యేవారు సైతం ఉపయుక్త గ్రంథసూచి తయారీని నెలల తరబడి వాయిదా వేయడం అందువల్లనే. సమస్య తెలియకపోవడంలో లేదని, తెలిసినదాన్ని తగిన సమయంలో ఆచరించలేకపోవడంలో ఉందని అమెరికన్ మనోవిజ్ఞానవేత్త రస్సెల్ బార్క్‌లీ వివరించాడు.

4. నిర్వహణ మార్గాలు

పై వివరణను అంగీకరిస్తే, హితబోధ మాత్రమే చాలదని స్పష్టమవుతుంది. మిథైల్‌ఫెనిడేట్, ఆటమాక్సెటిన్ వంటి మందులు లక్షణాలను తగ్గిస్తాయి. వీటిని వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి. మొదటిది 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలోనిది. అయితే మందు పనిని క్రమబద్ధం చేసుకోవడం నేర్పదు. మందులు వాడుతున్నా లక్షణాలు మిగిలిన వయోజనులకు ప్రజ్ఞాత్మక ప్రవర్తనా చికిత్స మేలు చేసిందని 2010లో అమెరికాలో ప్రచురితమైన అధ్యయనం చూపింది.

మనసులో నిలవనిదాన్ని బయట నిలపడం నిత్యజీవితంలో ముఖ్యసూత్రం. గడియారం కంటికెదురుగా ఉండాలి. ఫోను మరో గదిలో ఉండాలి. “రెండో అధ్యాయం రాయాలి” అన్న సంకల్పం కన్నా “శుక్రవారం 4 గంటలకు రెండు పుటలు చూపాలి” అన్న ఒప్పందం మేలు. ఉల్లేఖన రాసుకున్నప్పుడే పుటసంఖ్య కూడా నమోదు చేసుకోవాలి. గ్రంథాలయంలో సహపరిశోధకుని పక్కన కూర్చుని రాయడం కొందరికి ఉపకరిస్తుంది.

5. పర్యవేక్షకుల పాత్ర

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాల్లో ఎ.డి.హెచ్.డి. విడిగా లేదు. అందువల్ల 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికి యు.జి.సి. ఇచ్చే అదనపు గడువు కేవలం ఈ నిర్ధారణతో లభించదు. ఈ స్థితిలో పర్యవేక్షకుల పద్ధతే ప్రధాన ఆలంబన. వారానికొకసారి కొద్దిసేపు సమావేశం, లిఖితపూర్వక సూచనలు, అంచెలవారీ గడువులు ఇందుకు చాలు. వీటివల్ల పరిశోధనాప్రమాణం తగ్గదు. దాన్ని చేరుకునే దారి మాత్రం కంటికి కనిపిస్తుంది.

6. ముగింపు

ఎ.డి.హెచ్.డి.తో చక్కగా జీవించడమంటే లోపాన్ని దాచి మరింత శ్రమించడం కాదు. నిర్ధారణ, చికిత్స, పరిసరాల అమరిక అనే మూడూ కలిసినప్పుడే ప్రతిభ ఫలితంగా మారుతుంది. తొలి సలహా కోసం టెలీ మానస్ 14416 నంబరును తెలుగులోనూ సంప్రదించవచ్చు.