అరచేతిలో తాళం

కోటబొమ్మాళి వైపు తప్పెటగుళ్ళు చూసినవారికి లయ గురించి వేరే చెప్పక్కర్లేదు. ఛాతీ మీద తప్పెట, కాళ్ళకు గజ్జెలు, గుండ్రంగా తిరుగుతూ అందరిదీ ఒకటే దెబ్బ. ఒక్కడు తప్పినా దూరంగా నిలబడ్డవాడి చెవికి కూడా దొరికిపోతాడు. ఆ తప్పును మిల్లీసెకన్లలో కొలిచే ఆటయంత్రాలను జపాన్ వాళ్ళు చేశారు. మొదట్లో అవి బీరువా అంత ఉండేవి.

1997లో కొనామి సంస్థ బీట్‌మానియాను ఆటశాలల్లో పెట్టింది. ఐదు మీటలు, పక్కన చేత్తో తిప్పే గుండ్రటి పళ్ళెం. తెర పైనుంచి జారే పట్టీ అడుగు గీతను తాకగానే మీట నొక్కాలి. మరుసటి ఏడాది డాన్స్ డాన్స్ రెవల్యూషన్ ఆ పనిని కాళ్ళకు అప్పగించింది. 2001లో నామ్కో ఏకంగా డోలునే తెచ్చి తెర ముందు నిలబెట్టింది. దాని పేరు తైకో నో తత్సుజిన్.

ఇంత సరంజామా జేబులో పట్టేదెలా? 1999లో బీట్‌మానియా గేమ్ బాయ్ అనే జేబుయంత్రంలోకి వచ్చింది. ఆ యంత్రం ఒకేసారి పలికించగలిగేది నాలుగు స్వరధారలే కాబట్టి పాటలు సన్నని కూతలయ్యాయి. ఆ తర్వాత డాన్స్ ఆట కూడా వచ్చింది. కాళ్ళు చేసిన పని బొటనవేళ్ళకు మిగిలింది. నా దృష్టిలో అవి పెద్ద యంత్రానికి తీసిన చిన్న ఫొటోలే.

జేబుయంత్రం కోసమే పుట్టిన ఆటలు వేరు. 2005లో నింటెండో డీఎస్ మీద వచ్చిన ఓసు తతకాయె ఓయెందాన్‌లో తెర మీది చుక్క చుట్టూ వలయం బిగుసుకుంటుంది. అది అంచును తాకిన క్షణాన కలంతో తట్టాలి. తాకుతెర లేకుండా ఆ ఆటే లేదు.

2006లో గేమ్ బాయ్ అడ్వాన్స్‌కు వచ్చిన రిథమ్ తెంగోకు ఇంకా సాహసం చేసింది. సంగీత దర్శకుడు త్సుంకు ఆలోచన అది. ఆట తయారుచేసేవాళ్ళ ఒంటికి లయ పట్టాలని వాళ్ళకు నాట్యం పాఠాలు కూడా చెప్పించారు. చాలా ఘట్టాలకు ఒకటి రెండు మీటలు చాలు. బొమ్మ దారి చూపుతుంది గానీ నమ్ముకోవలసింది చెవినే. కళ్ళు మూసుకుని ఆడినా చాలాచోట్ల నెగ్గవచ్చు. తప్పెట కొట్టేవాడు చేసేదీ అదే గదా! అందుకే ఈ వంశంలో నేను మొదటి పీట వేసేది దీనికే.

ఆ చిన్న యంత్రానికి ఇంత కచ్చితత్వం ఎక్కడిది? దాని తెర సెకనుకు దాదాపు 60 సార్లు మారుతుంది, అంటే ఒక్కో బొమ్మ ఉండేది 17 మిల్లీసెకన్లు. మీటకూ ఆటకూ మధ్య వేరే పెత్తందారు లేడు. మన ఫోన్‌లో అలా కాదు. వేలి తాకిడిని ముందు ఫోన్ వ్యవస్థ అందుకోవాలి, తర్వాత ఆట లెక్క కట్టాలి, శబ్దం నిల్వగదుల్లో వరుసలో నిలబడి బయటికి రావాలి. దానికి బ్లూటూత్ తోడైతే ఆలస్యం తరచు 100 మిల్లీసెకన్లు దాటుతుంది. గాలిలో శబ్దం ఆ కాలంలో 34 మీటర్లు పోతుంది. అంత దూరాన ఉన్న తప్పెటకు ఇక్కడ అడుగు వేసినట్టన్నమాట.

మీ పిల్లలు ఫోన్‌లో తాళం ఆట ఆడుతూ ఊరికే ఓడిపోతుంటే చెయ్యి మందమని అనకండి. వైరు ఉన్న ఇయర్‌ఫోన్ ఇవ్వండి, ఆట సెట్టింగుల్లో ఆలస్యం సరిచేసే మీట ఉందేమో వెతకండి.