స్టీరింగు చెప్పే మాట

రైలింజనుకు స్టీరింగు ఉండదు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన మాకు ఇది చిన్నప్పుడే తెలుసు. దారి చూపేవి పట్టాలు. లోకో పైలట్ వేగం చూసుకుంటారు, బ్రేకు చూసుకుంటారు, సిగ్నలు చూసుకుంటారు. అందుకే కిందటి వేసవి సెలవుల్లో మా మిత్రుడి ఇంటికి ఒక ఆట స్టీరింగు వచ్చినప్పుడు మేము ముగ్గురమే కాదు, పెద్దవాళ్లు కూడా దాని చుట్టూ చేరారు.

అది లాజిటెక్ జి29. విశాఖపట్నంలో చదువుకుంటున్న వాళ్ల పెదనాన్నగారి అబ్బాయి తాను వాడినదాన్ని మా మిత్రుడికి ఇచ్చేశాడు. సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. అదే వారంలో మిత్రుడి నాన్నగారికి చక్రధర్‌పూర్‌కు బదిలీ ఉత్తర్వు వచ్చింది. మాకు మిగిలినవి పది రోజులు. ఆ పది రోజుల్లో మేము నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఒక మాట. ఏ స్టీరింగు ఏ కన్సోలుకు పనిచేస్తుందో చూసుకోవాలి. జి29 ప్లేస్టేషన్‌కు, కంప్యూటరుకు పనిచేస్తుంది. దాని జోడీ లాంటి జి920 ఎక్స్‌బాక్స్‌కు, కంప్యూటరుకు పనిచేస్తుంది. ఒకదాని బదులు ఇంకొకటి కుదరదు.

బిగించడం

స్టీరింగును బల్ల అంచుకు రెండు బిగింపులతో పట్టించాలి. మేము మొదట మడత బల్లకు బిగించాం. తిప్పినప్పుడల్లా స్టీరింగుతోపాటు బల్లా కదిలింది. బల్ల కదిలితే చేతికి తెలియవలసినది బల్లలోకి పోతుంది. ఆ తర్వాత గోడకు ఆనించిన బరువైన చదువుకునే బల్లకు మార్చాం.

పెడళ్లది ఇంకో తంటా. సిమెంటు గచ్చు మీద బ్రేకు తొక్కగానే పెడళ్ల పెట్టె ముందుకు జారిపోయేది. దీని బ్రేకు గట్టిగా ఉంటుంది, బలంగా తొక్కాలి. పెట్టెకూ గోడకూ మధ్య రెండు ఇటుకలు పేర్చాక కదలడం మానింది. కూర్చోవడానికి చక్రాల కుర్చీ వద్దు, అది వెనక్కి పోతుంది. మామూలు ప్లాస్టిక్ కుర్చీ చాలు.

తర్వాత వైర్లు. పెడళ్ల వైరు స్టీరింగు పెట్టెలోకి, స్టీరింగు యూఎస్‌బీ వైరు కన్సోలులోకి, అడాప్టరు గోడ ప్లగ్గులోకి. లోపలి మోటార్లకు కరెంటు అడాప్టరు నుంచే వస్తుంది. అది పెట్టకపోతే చేతికి ఏ బలమూ తెలియదు. స్టీరింగు మీద ఒక చిన్న మీట ఉంటుంది. ప్లేస్టేషన్ 4కైనా 5కైనా దాన్ని పీఎస్4 వైపే ఉంచాలి.

కరెంటు అందగానే స్టీరింగు తనంతట తానే అటూ ఇటూ చివరిదాకా తిరుగుతుంది. తన మధ్య ఎక్కడో అది వెతుక్కుంటోందన్నమాట. అప్పుడు చేతులు పెట్టకూడదు. మాలో ఒకరు భయపడి గట్టిగా పట్టుకున్నారు. ఆ తర్వాత కారు తిన్నగా పోవాలంటే స్టీరింగును వంకరగా పట్టుకోవలసి వచ్చింది. వైరు తీసి మళ్లీ పెడితే సరిపోయింది.

మేము చేసిన పెద్ద తప్పు

ఆట గ్రాన్ టురిస్మో 7. ట్రాక్ జపాన్‌లోని సుకుబా, సుమారు 2 కిలోమీటర్లది. సెట్టింగులలో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ బలం 1 నుంచి 10 వరకు ఉంటుంది. ఎక్కువ ఉంటే ఎక్కువ నిజంగా ఉంటుందనుకుని 10 పెట్టాం. బల్ల మీది గ్లాసులు గలగలలాడాయి. పక్క గదిలోంచి మామ్మగారు, "ఒరేయ్, ఇల్లు కూలగొడతారేంట్రా!" అని కేకేశారు. అరగంటకే మా భుజాలు పట్టేశాయి. తీరా చూస్తే మామూలు కంట్రోలరుతో ఆడినప్పటికంటే ల్యాపుకు నాలుగు సెకన్లు ఆలస్యం. ప్రతిసారీ మొదటి మలుపులోనే కారు బయటికి జారిపోయేది.

కారణం తెలియాలంటే స్టీరింగుకు ఆ బలం ఎందుకు వస్తుందో తెలియాలి. తిరిగే కుర్చీ కింది చక్రాన్ని గమనించండి. కుర్చీని ఎటు తోస్తే చక్రం అటే సర్దుకుంటుంది. అది నేలను తాకే చోటు, అది తిరిగే ఇరుసుకు వెనక ఉండడమే కారణం. కారు ముందు చక్రాలూ అంతే. పైగా మలుపులో టైరు రబ్బరు మెలిపడి, నేల దాన్ని పక్కకు నెట్టే బలం టైరు మధ్యకు కాస్త వెనకగా పడుతుంది. అందుకే చక్రం తిన్నబడాలని చూస్తుంది. ఆ లాగుడే మన చేతికి బరువుగా తెలుస్తుంది.

అసలు విషయం ఇక్కడుంది. టైరు పట్టు చివరికి వచ్చేసరికి, వెనకగా ఉన్న ఆ బలం మధ్యకు జరుగుతుంది. లాగుడు తగ్గి స్టీరింగు తేలికవుతుంది. కారు జారడానికి కొంచెం ముందే ఇది జరుగుతుంది. అంటే స్టీరింగు ఇచ్చే హెచ్చరిక బరువు కాదు, బరువు తగ్గడం.

10 దగ్గర ఆ హెచ్చరిక మాకు అందలేదు. మోటారు ఇవ్వగలిగిన బలానికి ఒక హద్దు ఉంది. ఆట అంతకంటే ఎక్కువ అడిగితే మోటారు తన హద్దు దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు మామూలు మలుపూ గట్టి మలుపూ ఒకేలా ఉంటాయి, మధ్యలో వచ్చే చిన్న తేడాలు మాయమవుతాయి. దుర్గాపూజ పందిట్లో మైకు పూర్తిగా పెంచితే చప్పుడు వినబడుతుంది గాని మాటలు తెలియవు కదా, అలాగన్నమాట.

ఒక్కొక్క అంకె తగ్గిస్తూ, ప్రతిసారీ అదే కారుతో అదే ట్రాక్‌లో ఐదు ల్యాపులు వేశాం. 5 దగ్గర మొదటిసారి మొదటి మలుపులో స్టీరింగు తేలికవడం చేతికి తెలిసింది. వెంటనే స్టీరింగును కాస్త వెనక్కి తిప్పి, వేగం తగ్గిస్తే కారు దారిలోనే ఉంది. ఆ సాయంత్రం మా మిత్రుడు కంట్రోలరు మీద సాధించిన తన సమయాన్ని దాటాడు.

ఇది ఆటకే పరిమితం కాదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పందెం జరిగింది. అక్కడ ఆ పందెం జరగడం అదే మొదటిసారి. ఇలాంటి కొత్త దారులను డ్రైవర్లు ముందుగా సిమ్యులేటరులోనే నేర్చుకుంటారు. అక్కడా చేతికి కబురు తెచ్చేది స్టీరింగులోని మోటారే.

ఒక కాగితం

సామాను కట్టే రోజున స్టీరింగును విప్పి పెట్టెలో పెట్టాం. ఒక కాగితం మీద అన్నీ రాశాం: బల్ల ఎత్తు, కుర్చీకీ పెడళ్లకీ మధ్య దూరం, ఇటుకలు రెండు, బలం 5. అంకెల పక్కన ఎందుకో కూడా రాయమన్నాడు మా మిత్రుడు. "అక్కడ మీరుండరు కదా, మర్చిపోతే ఎవర్నడగాలి?" అన్నాడు. అందుకని 5 పక్కన "మలుపులో తేలికవడం తెలియాలి" అని రాశాం.

రెండు వారాల తర్వాత ఫోన్ చేశాడు. కొత్త క్వార్టరులో బల్ల సన్నగా ఉందట, 5 పెడితే ఊగుతోందట. కాగితం చూసి 4కు తగ్గించుకున్నాడు. తేలికవడం తెలుస్తోందా అని అడిగాం. తెలుస్తోందన్నాడు. మేమిద్దరం మళ్లీ కంట్రోలరుతోనే ఆడుతున్నాం.

మనలో ఎవరి ఇంటికి ఎప్పుడు ఉత్తర్వు వస్తుందో చెప్పలేం. మీరూ ఏదైనా ఇలా బిగించుకుంటే ఒక కాగితం రాసుకోండి. అంకె ఒక్కటే రాయకండి, పక్కన ఎందుకో కూడా రాయండి. అంకె ఆ ఇంటిది. ఎందుకన్నది మీతో వస్తుంది.