తెర ఆరిన తరువాతి గంట

వేణు యెల్దండి దర్శకత్వంలో 2023 మార్చి 3న విడుదలైన ‘బలగం’ సినిమా కొన్ని వారాలలోనే థియేటర్లు దాటి తెలంగాణ పల్లెల్లోకి నడిచింది. ఊరి నడుమ తెర కట్టి, పిల్లా పెద్దా నేల మీద కూర్చొని కలిసి చూశారు. చూస్తూ బాహాటంగా ఏడ్చారు. ఏళ్ళుగా మాటలు లేని తోబుట్టువులు ఆ సినిమా చూశాక కలిసిపోయారన్న వార్తలు పత్రికలలో వచ్చాయి. అదే నెలలో సినిమా ఓటీటీకి చేరి, డాలస్ విమానాశ్రయానికి ఉత్తరాన ఉన్న కాపెల్ వంటి ఊళ్ళలోని తెలుగు ఇళ్ళలోకీ వచ్చింది. అక్కడ చూసే తీరు వేరు. పిల్లలు పడుకున్నాక, సోఫాలో ఒక్కరో ఇద్దరో, మరుసటి రోజు పని గుర్తుచేసుకుంటూ చూస్తారు.

సినిమా ఒకటే. అయినా ఒకరికి గుండె తేలికపడుతుంది, మరొకరికి నెలల తరబడి బరువు దిగదు. ‘దేవదాసు’ (1953) నుంచి ‘మాతృదేవోభవ’ (1993) మీదుగా ‘బలగం’ దాకా తెలుగు ప్రేక్షకుడు విషాదాన్ని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆ విషాదం మనసులో ఎందుకు నిలిచిపోతుంది, ఎప్పుడు మేలు చేస్తుంది అన్నవి వైద్యశాస్త్రమూ అలంకారశాస్త్రమూ విడివిడిగా ఆలోచించిన ప్రశ్నలు.

ముందు జ్ఞాపకం సంగతి. మెదడు లోపల బాదంగింజ ఆకారంలో అమిగ్డలా అనే భాగం ఉంటుంది. భయమో దుఃఖమో కలిగినప్పుడు శరీరంలో విడుదలయ్యే ఎడ్రినలిన్ వంటి రసాయనాల ప్రభావంతో అది చురుకై, జ్ఞాపకాలను భద్రపరిచే హిప్పోక్యాంపస్‌ను మరింత గట్టిగా పనిచేయిస్తుంది. లారీ కాహిల్, జేమ్స్ మెక్‌గా బృందం 1994లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన ప్రయోగం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. కొందరికి వరుసగా బొమ్మలు చూపిస్తూ ఒక కథ చెప్పారు. తల్లితో కలిసి వెళ్తున్న పిల్లవాడిని కారు గుద్దుతుంది. వారం తరువాత అడిగితే, ఆ ప్రమాదఘట్టం సాధారణ కథలోని అదే భాగం కంటే బాగా గుర్తుంది. కాని ముందుగా ప్రొప్రనొలోల్ మాత్ర వేసుకున్నవారికి ఆ తేడా లేదు. రక్తపోటుకు చాలాకాలంగా వాడుకలో ఉన్న ఆ మందు ఎడ్రినలిన్ పనిని అడ్డుకుంటుంది. అంటే దుఃఖదృశ్యం మనసులో ముద్రపడడం మనోబలహీనత కాదు, శరీరధర్మం.

అయితే ఈ వివరణ సగమే. ప్రతి విషాద సన్నివేశమూ అందరిలోనూ ఒకేలా నిలవదు. తెర మీది దుఃఖం ప్రేక్షకుడిలో అప్పటికే ఉన్న దేన్ని తాకుతుంది అన్నది మిగతా సగం.

‘బలగం’ కథ చిన్నది. కొమురయ్య అనే వృద్ధుడు చనిపోతాడు. ఆ సమయానికి ఇంట్లో ఎవరి లెక్కలు వారికున్నాయి. అప్పులలో కూరుకుపోయిన మనవడు సాయిలుకు తన పెళ్ళి ఏమవుతుందోనన్న బెంగ. ఎప్పుడో భోజనాల దగ్గర నల్లిబొక్క కోసం మొదలైన తగవుతో ఇరవై ఏళ్ళుగా అత్తవారి గడప తొక్కని అల్లుడికి పాత రోషం. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. పోయినాయన మనసులో ఏదో కొరత మిగిలిపోయిందని ఊరు అంటుంది. ఆ కొరత కుటుంబం విడిపోవడమే.

కర్మకాండకు కుటుంబమంతా హాజరైనా శోకం పూర్తికాని ఇల్లు అది. కాపెల్‌లో అసలు హాజరే కాలేకపోయినవారు ఉంటారు. భారతదేశంలో తెల్లవారుజామున తండ్రి పోతే టెక్సస్‌లో అప్పటికింకా ముందురోజు సాయంత్రం. వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా. టికెట్టు దొరికి, విమానాలు మారి, ఊరు చేరేదాకా చాలా ఇళ్ళలో శవాన్ని ఉంచరు. పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరినవారికి వెళ్ళడం కంటే తిరిగి రావడం పెద్ద ప్రశ్న. 2020, 2021 సంవత్సరాలలో కొవిడ్ మూలంగా చాలామందికి ఆ దారి కూడా మూసుకుపోయింది. అటువంటివారు ఫోను తెర మీద చితిని చూశారు. మర్నాడో మూడోనాడో ఆఫీసు మీటింగులో కూర్చున్నారు. వచ్చి పలకరించేవారు, పోయినవారి గురించి పదిసార్లు చెప్పించుకునేవారు, పదకొండు రోజులపాటు ఇల్లు నిండా మనుషులు, ఇవేవీ వారికి దక్కలేదు. మూడేళ్ళ తరువాత ఒక రాత్రి తెర మీద ఎవరి తండ్రో చనిపోతే ఏడుపు ఆగకపోవడంలో వింత లేదు. ఆ కన్నీళ్ళు కొమురయ్యకు సంబంధించినవి కావు.

ఈ తేడాను మన ఆలంకారికులు ఏనాడో గుర్తించారు. భరతుడు కరుణరసానికి శోకం స్థాయిభావమన్నాడు. మరి శోకం రసమై ఆనందమెలా ఇస్తుంది? భట్టనాయకుడు దానికి సాధారణీకరణమని సమాధానం చెప్పాడు. రంగస్థలం మీది దుఃఖం ‘నాది’, ‘వాడిది’ అన్న హద్దులు వదిలించుకొని అందరిదీ అవుతుంది, అందుకే దాన్ని ఆస్వాదించగలం. పన్నెండవ శతాబ్దపు ‘నాట్యదర్పణం’ రచయితలు రామచంద్ర గుణచంద్రులు దీన్ని ఒప్పుకోలేదు. కరుణం నిజంగానే దుఃఖం కలిగిస్తుందనీ, కవి, నటుల నేర్పు మనల్ని అక్కడ కూర్చోబెడుతుందనీ వారి వాదం. అభినవగుప్తుడు రసానుభవానికి అడ్డుపడే ఏడు విఘ్నాలను చెప్తూ, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలలో మునిగిపోవడాన్ని వాటిలో ఒకటిగా చేర్చాడు.

ఆ లెక్కన తన తండ్రి కోసం ఏడుస్తున్న కాపెల్ ప్రేక్షకుడు రసాన్ని కోల్పోయాడు. అలంకారశాస్త్రానికి అది విఘ్నం. వైద్యుడికి మాత్రం అది ఒక సమాచారం. ఆగిపోయిన శోకం ఎక్కడ ఆగిందో ఆ కన్నీళ్ళు చూపిస్తాయి.

ఏడిస్తే మనసు తేలికపడుతుందన్న నమ్మకం ఎంతవరకు నిజం? నెదర్లాండ్స్‌లో గ్రాచానిన్, వింగర్‌హూట్స్ మొదలైన పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో 60 మందికి రెండు విషాద చిత్రాలు చూపించారు. ఏడవనివారి మనఃస్థితిలో మార్పు రాలేదు. ఏడ్చినవారి మనఃస్థితి సినిమా అయిన వెంటనే దిగజారింది. ఇరవై నిమిషాలకు మామూలుకు వచ్చింది. తొంభై నిమిషాలకు సినిమా చూడకముందు కంటే మెరుగైంది. ఏడుపు తక్షణ ఔషధం కాదు. దాని ఫలం తెర ఆరిన తరువాతి గంటా గంటన్నరలో తేలుతుంది.

ఆ గంటలో పక్కన ఎవరున్నారన్నది కూడా ముఖ్యమే. ముప్పైకి పైగా దేశాలలో వేలమందిని అడిగి 2008లో ప్రచురించిన మరో పరిశీలనలో, ఏడ్చినప్పుడు ఓదార్పు దొరికినవారు ఎక్కువ ఊరట పొందామన్నారు. ఏడుపును అణచుకున్నవారికి, సిగ్గుపడ్డవారికి అంత మేలు కలగలేదు. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన రాబిన్ డన్‌బార్ బృందం 2016లో మరో సంగతి చూపింది. విషాదచిత్రాన్ని గుంపుగా చూసినవారిలో సగటున నొప్పిని తట్టుకునే శక్తి, పక్కవారితో దగ్గరితనం రెండూ పెరిగాయి. శరీరంలో పుట్టే ఎండార్ఫిన్లు ఇందుకు కారణమని వారి అంచనా. ఊరి నడుమ చూసిన ‘బలగం’కూ సోఫాలో ఒంటరిగా చూసిన ‘బలగం’కూ మధ్య తేడాను అర్థం చేసుకోవడానికి ఈ ఫలితాలు సాయపడతాయి.

ఈ విషయం ఆ సినిమా లోపలే ఉంది. పదకొండో రోజున బుడగజంగాల కళాకారులు వచ్చి కొమురయ్య బతుకునే కథగా పాడతారు. ఆ వేషాలు కట్టిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు నిజజీవితంలోనూ ఆ కళ మీద బతికినవారే. అప్పటిదాకా ఎవరి లెక్కలలో వారున్న కొడుకులు, కూతురు, అల్లుడు, మనవడు ఆ పాట ముందు కలిసి కూర్చొని కలిసి ఏడుస్తారు. ఆ తరువాతే కాకి ముద్ద ముడుతుంది. తమ ఇంటి దుఃఖాన్నే మరొకరి నోట కథగా విన్నాక ఆ కుటుంబానికి శోకం సాధ్యమైంది. భట్టనాయకుడు చెప్పింది ఒక పల్లె వాకిట్లో జరిగినట్టే.

సినిమా తలుపు తెరవగలదు గాని చికిత్స చేయలేదు. ఒక విషాదచిత్రం రెండు మూడు రోజులు మనసులో మెదలడం సహజం. నిద్ర, ఆకలి, పని మీద ఆసక్తి రెండు వారాలకు పైగా దెబ్బతింటే అది మానసిక కుంగుబాటు కావచ్చు. ఆప్తులు పోయి ఏడాది దాటినా దాదాపు ప్రతిరోజూ తీవ్రమైన తపన, బతుకు అర్థం కోల్పోయిన భావన నిలిచిపోతే, దాన్ని దీర్ఘశోక రుగ్మతగా అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో తన వ్యాధుల గ్రంథంలో చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలనే గడువుగా పెట్టుకుంది. దీనికి ప్రత్యేకమైన సంభాషణ చికిత్సలున్నాయి. చనిపోవాలన్న ఆలోచన వస్తే అమెరికాలో ఏ ఫోను నుంచైనా 988కు ఏ వేళనైనా పిలవవచ్చు.

మిగిలినవారికి మందు ఇంతకంటే సులభం. కాపెల్‌లో రాత్రి పదకొండుకు సినిమా ముగిస్తే ఊళ్ళో అప్పటికి బాగా తెల్లవారి ఉంటుంది. తెర ఆర్పి చీకట్లో పడుకునే బదులు అన్నకో చెల్లెలికో ఫోను చేయవచ్చు. సినిమా గురించి మొదలుపెట్టినా చాలు, నాలుగు నిమిషాలలో మాట నాన్న దగ్గరికి వస్తుంది.