గోంగూర పూలలో కెమిస్ట్రీ వెతికారు.. ఏయూలో పరిశోధనకు బాట వేసిన ప్రొఫెసర్ శేషాద్రి ఎవరు?

గోంగూర పువ్వుకు ఆ పసుపు రంగు ఎక్కడిది? పత్తి పువ్వులో ఉన్న రసాయనం ఏంటి? 80 ఏళ్ల కిందటే వాల్తేరులో కూర్చుని ఈ ప్రశ్నలకు సమాధానం వెతికిన శాస్త్రవేత్త టి.ఆర్.శేషాద్రి. మన దేశంలో ఆర్గానిక్ కెమిస్ట్రీ పరిశోధనకు గట్టి పునాది వేసిన వాళ్లలో ఆయన ఒకరు.

1900లో తమిళనాడులోని కుళిత్తలైలో పుట్టిన శేషాద్రి మద్రాస్ ప్రెసిడెన్సీ కాలేజీలో చదివారు. తర్వాత మాంచెస్టర్ వెళ్లి రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పీహెచ్‌డీ చేశారు. రాబిన్సన్‌కు 1947లో నోబెల్ వచ్చింది. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో మరో నోబెల్ విజేత ఫ్రిట్జ్ ప్రెగ్ల్ దగ్గర మైక్రో అనాలిసిస్ నేర్చుకున్నారు.

ఆ విద్యే తర్వాత బాగా పనికొచ్చింది. ఎందుకంటే గంపల కొద్దీ పూలు తెచ్చి ఉడికించినా చేతికొచ్చే రంగు పదార్థం కొంచెమే. ప్రెగ్ల్ పద్ధతిలో కొన్ని మిల్లీగ్రాములతోనే అందులో కార్బన్, హైడ్రోజన్ ఎంతెంత ఉన్నాయో లెక్క తేల్చొచ్చు.

1933లో ఆంధ్ర విశ్వకళాపరిషత్‌లో చేరిన శేషాద్రి ల్యాబ్‌లను దగ్గరుండి తీర్చిదిద్దారు. ఖరీదైన పరికరాలు లేవు. అందుకే చుట్టుపక్కల దొరికే పూలు, ఆకులు, చెట్ల బెరళ్లనే ముడిసరుకుగా ఎంచుకున్నారు. పత్తి, గోంగూర జాతి పూలలోని ఫ్లేవనాయిడ్లను శిష్యులతో కలిసి వేరు చేశారు. గోంగూర పూల నుంచి వచ్చిన ఒక పదార్థమే హిబిస్సెటిన్.

అప్పట్లో అణువు నిర్మాణాన్ని చూపించే ఎన్ఎంఆర్ యంత్రాలు లేవు. పదార్థాన్ని ముక్కలుగా విడగొట్టాలి, ఆ ముక్కలేంటో గుర్తించాలి, మళ్లీ ల్యాబ్‌లో అదే అణువును తయారు చేసి రెండూ ఒకటేనని తేల్చాలి. ఒక్కో పువ్వుకు నెలల తరబడి పని.

ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1942లో విశాఖపై జపాన్ బాంబులు పడ్డాయి. యూనివర్సిటీని గుంటూరుకు తరలించాల్సి వచ్చింది. కష్టపడి కట్టుకున్న ల్యాబ్ చేజారినా ఆయన పరిశోధన ఆపలేదు.

1949లో ఢిల్లీ యూనివర్సిటీకి వెళ్లిన శేషాద్రి అక్కడి కెమిస్ట్రీ విభాగానికి అంతర్జాతీయ గుర్తింపు తెచ్చారు. 1960లో రాయల్ సొసైటీ ఫెలోషిప్, 1963లో పద్మభూషణ్ వరించాయి. 1975లో కన్నుమూసే నాటికి ఆయన పేరుతో వెయ్యికి పైగా పరిశోధన పత్రాలున్నాయి. అంతకంటే పెద్ద ఆస్తి ఆయన తయారు చేసిన శిష్యులు. పరికరాలు లేవని ఆగిపోకుండా, పెరట్లో పూసిన పువ్వుతోనూ ప్రపంచ స్థాయి సైన్స్ చేయొచ్చని వాళ్లకు చేసి చూపించారు.